ఇంట్లో కట్టే కాంపోజిట్ విమానానికి రెండో ఇంజన్ రక్షణా, భారమా?

రాకీ_రెక్కలు (కొలరాడో)

అందరికీ నమస్కారం. నేనూ మా బావమరిదీ కలిసి నలుగురు కూర్చునే విమానం ఒకటి సొంతంగా డిజైన్ చేసి కట్టాలనుకుంటున్నాం. ఫోమ్‌ని రెక్క ఆకారంలో కోసి, దాని మీద గ్లాస్ క్లాత్, ఎపాక్సీ వేసే పద్ధతి. అచ్చులు అక్కర్లేకుండా ఇలా కట్టొచ్చని విమాన డిజైనర్ బర్ట్ రుటాన్ 1970లలో చూపించాడు కదా, అదే. రెక్కకొకటి చొప్పున రెండు 160 హార్స్‌పవర్ ఇంజన్లు. నిండు బరువు 1300 కిలోలు.

మా ఊరి నుంచి పడమరకి ఎటు పోవాలన్నా రాకీ పర్వతాలు దాటాలి. కింద దిగడానికి చదును నేల దొరకదు. పిల్లల్ని వెనక సీట్లో పెట్టుకుని ఒక్క ఇంజన్‌ని నమ్మి ఆ కొండల మీద పోవడానికి నాకు మనసొప్పదు. కానీ హ్యాంగర్‌లో ఎవర్ని అడిగినా "రెండోది దండగ" అంటున్నారు. ఎందుకు దండగో లెక్కతో చెప్పినవాళ్లు మాత్రం లేరు. మీరు చెప్పండి.

విచిటా_బీమ్ (కాన్సాస్)

లెక్క నేను చెప్తాను. విమానాల స్ట్రక్చర్ల లెక్కలే నా ఉద్యోగం. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ అంకెలే తీసుకుందాం. బరువు 1300 కిలోలు, పైకి ఎక్కేటప్పుడు వేగం 95 నాట్స్, లిఫ్ట్ డ్రాగ్ నిష్పత్తి (రెక్క పైకెత్తే బలానికీ, గాలి వెనక్కి లాగే బలానికీ ఉన్న నిష్పత్తి) 11 అనుకుందాం. ఎత్తు తగ్గకుండా నిలబడటానికే సుమారు 76 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. ప్రొపెల్లర్ సామర్థ్యం 75 శాతం అనుకుంటే రెండు ఇంజన్ల నుంచి నిజంగా అందేది 240. మిగులు 164. మిమ్మల్ని పైకి తీసుకెళ్లేది ఆ మిగులే. నిమిషానికి దాదాపు 1900 అడుగులు ఎక్కుతారు.

ఇప్పుడు ఒకటి ఆగింది. అందేది 120. ఆగిన ప్రొపెల్లర్ వల్ల వచ్చే డ్రాగ్, ముక్కు పక్కకి పోకుండా రడ్డర్ (తోక మీది నిలువు పలక) పెడల్ తొక్కి పట్టినందుకు వచ్చే డ్రాగ్ కలిస్తే కావాల్సింది 76 నుంచి 90కి పోతుంది. మిగులు 30. నిమిషానికి 350 అడుగులు కూడా రావు. పోయింది సగం పవరే, కానీ ఎక్కే శక్తిలో ఎనభై శాతం పైగా పోయింది.

ఇదంతా సముద్రమట్టం దగ్గర, చల్లటి రోజున. మీ రన్‌వే 5800 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, జూలైలో 32 డిగ్రీల ఎండలో అక్కడి గాలి 9000 అడుగుల పైన ఉండే గాలంత పలచన. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో లేని ఇంజన్‌కి నాలుగో వంతు పవర్ పోతుంది. 120 కాస్తా 90 అవుతుంది. కావాల్సిందేమో 100 దాటుతుంది. అంటే ఒక్క ఇంజన్ మీద మీ విమానం ఎక్కదు, దిగుతుంది. పైగా ఇంజన్లు రెండున్నప్పుడు ఏదో ఒకటి ఆగే అవకాశం రెట్టింపు.

ఫ్యాక్టరీ విమానాలు కూడా దీనికి అతీతం కాదు. అమెరికా పాత నిబంధనల ప్రకారం 6000 పౌండ్ల లోపు ట్విన్‌కి (రెండు ఇంజన్ల విమానానికి) స్టాల్ వేగం, అంటే రెక్క ఎత్తే శక్తి కోల్పోయే వేగం, 61 నాట్స్ మించకపోతే, ఒక్క ఇంజన్ మీద ఎక్కి తీరాలన్న షరతే లేదు. ఎక్కుతుందో దిగుతుందో కొలిచి రాస్తే చాలు.

ఇంకో గండం వీఎంసీ. ఒక పక్క ఇంజన్ ఆగితే రెండోది ముక్కుని ఆగినవైపు తోసేస్తుంది. రడ్డర్ దాన్ని ఆపాలంటే కొంత కనీస వేగం ఉండాలి, అదే వీఎంసీ. అంతకన్నా తగ్గితే విమానం పక్కకి తిరిగి తలకిందులైపోతుంది. టేకాఫ్ అయిన వెంటనే ఇది జరిగితే సరిచేసుకునే ఎత్తు ఉండదు. ఫ్యాక్టరీలో ఆ వేగాన్ని టెస్ట్ పైలట్లు కొలుస్తారు. మీ విమానానికి ఎవరు కొలుస్తారు? మీరో, మీ బావమరిదో. నా సలహా ఒక్కటే: మంచి ఇంజన్ ఒకటి పెట్టండి, దాని ఇంధనం, ఇగ్నిషన్ మీద శ్రద్ధ పెట్టండి.

డిఫయంట్_ప్రేమికుడు (టెక్సాస్)

బీమ్ గారి లెక్కతో నాకు పేచీ లేదు. కానీ ఆ లెక్క రెక్కల మీద ఇంజన్లున్న విమానానిది. రెక్కల మీదే ఎందుకుండాలి?

రుటాన్ 1978లో ఎగరేసిన డిఫయంట్ చూడండి. ముక్కున ఒక ఇంజన్, వెనక ఒకటి, రెండూ మధ్య గీత మీదే. ఏది ఆగినా ముక్కు పక్కకి తిరగదు. వీఎంసీ అనే మాటే లేదు. రేకుల కోణం మారని ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్లు కాబట్టి ఫెదర్ చేసే (ఆగిన ప్రొపెల్లర్ రేకుల్ని గాలికి అంచు చూపేలా తిప్పే) పని కూడా లేదు. ఇంజన్ ఆగిన క్షణంలో పైలట్ కంగారుగా ఏ లివరూ వెతుక్కోనక్కర్లేదు, నడుపుకుంటూ పోతే చాలు. దీని ప్లాన్లు 1980లలో అమ్మారు, ఇళ్లలో కట్టినవాళ్లు కట్టారు, ఎగిరారు.

వాయేజర్ విమానానిది కూడా ఇదే అమరిక, కార్బన్ కాంపోజిట్. 1986 డిసెంబర్ 14న బయల్దేరి ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూమి చుట్టి 23న దిగింది. స్ట్రక్చర్ బరువు 939 పౌండ్లు, మోసిన ఇంధనం 7000 పౌండ్ల పైన. దారిలో ఎక్కువ భాగం ముందు ఇంజన్ ఆపేసి వెనకదాని మీదే నడిపారు. చివర్లో మెక్సికో తీరం దగ్గర ఇంధనం అందక వెనక ఇంజన్ ఆగిపోయింది. ముందుది స్టార్ట్ చేసుకుని గట్టెక్కారు. రెండోది లేకపోతే ఆ ప్రయాణం సముద్రంలో ముగిసేది. రెండో ఇంజన్ దండగ అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

బేగంపేట_పాతకాపు (హైదరాబాద్)

బాబూ, నేను చాలా ఏళ్లు ఫ్లయింగ్ నేర్పాను. ముందొకటి వెనకొకటి అనగానే సమస్య తీరిపోయిందనుకోవద్దు. సెస్నా 337 స్కైమాస్టర్ అచ్చంగా ఇదే ఆలోచనతో వచ్చింది. ప్రమాదాలు తగ్గిపోతాయని అందరూ ఆశించారు. అనుకున్నంతగా తగ్గలేదు. వెనక ఇంజన్‌కి గాలి సరిగా తగలదు, నేల మీద వేడెక్కుతుంది. అది ఆగిపోయినా పైలట్‌కి తెలియదు, ఎందుకంటే ముక్కు తిరగదు, కంటికి కనిపించదు. ముందు ఇంజన్ ఒక్కదానితోనే టేకాఫ్ మొదలుపెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఒక్క ఇంజన్‌తో టేకాఫ్ మొదలుపెట్టొద్దని ఆ విమానంలో ప్లకార్డు అంటించాల్సి వచ్చింది. పక్కకి తిరగడం ప్రమాదమే, కానీ అదే హెచ్చరిక కూడా.

ఇక సొంత డిజైన్ గురించి. మన దేశంలో ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్) కట్టిన సారస్ కూడా రెండు ఇంజన్ల విమానమే. 2009 మార్చి 6న బెంగళూరు దగ్గర బిడది వద్ద టెస్ట్‌లో కూలింది. గాల్లో ఒక ఇంజన్ ఆపి మళ్లీ వెలిగించే పరీక్షలో ఉన్నారు. ముగ్గురు చనిపోయారు. వెలిగించే పద్ధతే తప్పుగా రాసుకున్నారనీ, చాలినంత ఎత్తు లేదనీ విచారణలో తేలింది. అంత పెద్ద సంస్థ, అంత అనుభవమున్న సిబ్బంది. సొంత డిజైన్ అంటే ఆ పద్ధతి రాయాల్సింది కూడా నువ్వే నాయనా. అది గుర్తుపెట్టుకుని ముందుకెళ్లు.

రాకీ_రెక్కలు

చాలా కృతజ్ఞతలు. బీమ్ గారూ, మీరు టేకాఫ్ గురించి చెప్పిందంతా ఒప్పుకుంటాను. కొండల మీద సంగతి మాత్రం ఒప్పుకోలేను. అక్కడ నేను 12,000 అడుగుల్లో ఉంటాను. ఒకటి ఆగితే ఎక్కాల్సిన పనిలేదు, నెమ్మదిగా దిగితే చాలు.

మీ పద్ధతిలోనే లెక్కవేశాను. పూర్తిగా ఇంజన్ లేకపోతే నిమిషానికి 1100 అడుగుల దాకా దిగుతాను. ఒకటి నడుస్తుంటే మొదట్లో 350, కిందికొచ్చేకొద్దీ ఇంకా తక్కువ. 12,000 నుంచి 9000కి వచ్చేలోపు మొదటి పద్ధతిలో ఐదు నాటికల్ మైళ్లు పోతాను, రెండో పద్ధతిలో ఇరవై. కొండల మధ్య ఆ తేడా ఒక లోయ దాటి రన్‌వే చేరడమా, చెట్ల మీద పడటమా అన్నంత తేడా. ఇంజన్ ఆగిపోయిన సింగిల్‌కి (ఒక్క ఇంజన్ విమానానికి) ఆ ఇరవై మైళ్లు ఎవరిస్తారు?

రుటాన్ 1996లో ఎగరేసిన బూమరాంగ్ కూడా నా మనసులో ఉంది. ఒక ఇంజన్ మనుషులు కూర్చునే ఫ్యూజలాజ్ ముక్కున, ఇంకోటి దాని పక్కనుండే సన్నటి బూమ్ మీద. ఎడమ కుడి ఒకేలా ఉండవు. ఏది ఆగినా ముక్కు పెద్దగా తిరగకుండా అమర్చాడు.

విచిటా_బీమ్

దారిలో దిగే లెక్క సరిగ్గానే ఉంది. ఆ మాట మీకిచ్చేస్తున్నాను. ఇంజన్లు మధ్య గీత మీదుంటే రడ్డర్ డ్రాగ్ కూడా తగ్గి మీ అంకెలు ఇంకాస్త బాగుపడతాయి.

బూమరాంగ్ జోలికి మాత్రం పోవద్దు. నాకు దాని మీద అమితమైన గౌరవం. కానీ రెండు పక్కలా ఒకేలా లేని విమానంలో ప్రతి లెక్కా రెండుసార్లు చేయాలి, మెలితిప్పే లోడ్లు, ఫ్లటర్ (వేగంలో రెక్క అదుపు తప్పి వణకడం) అన్నీ. అది జీవితమంతా కొత్త విమానాలు గీసినవాడు తన కోసం కట్టుకున్నది.

రెసిన్_చేతులు (కాలిఫోర్నియా)

ఇంత లెక్కా 1300 కిలోల మీద నిలబడింది. ఆ 1300 ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగలేదు. నేను కాంపోజిట్ కట్టేదాన్ని, అది నేను చెప్తాను తమ్ముడూ.

చేత్తో క్లాత్, ఎపాక్సీ రెసిన్ వేసే లేఅప్‌లో బరువంతా రెసిన్‌లో దాక్కుంటుంది. రెక్కకి బలమిచ్చేది గ్లాసే, రెసిన్ దాన్ని పట్టి ఉంచుతుంది అంతే. క్లాత్ తడిసి పారదర్శకమయ్యాక పైన మెరుస్తూ నిలబడ్డ ప్రతి చుక్కా అనవసరపు బరువు. ప్రతి లేఅప్‌కీ క్లాత్ ఎంత, రెసిన్ ఎంత అని తూచి రాసుకోండి. మిగులు రెసిన్‌ని స్క్వీజీ (రబ్బరు బద్ద)తో లాగండి, పీల్ ప్లై (గట్టిపడ్డాక ఊడదీసే గుడ్డ) వేయండి. అన్నింటికన్నా మోసం చేసేది చివర్లో రాసే ఫిల్లర్. ఉపరితలం అద్దంలా రావాలని పూస్తూ గీకుతూ పోతే కిలోలు ఎక్కుతూనే ఉంటాయి. 50 కిలోలు ఎక్కువైతే ఏమవుతుందో బీమ్ గారి పద్ధతిలోనే చూశాను: ఒక్క ఇంజన్ మీద వచ్చే ఆ 345 అడుగులు 275కి పడిపోతాయి. సింగిల్ కట్టేవాడికి 50 కిలోలంటే ఒక సూట్‌కేసు తగ్గించుకోవడం. ట్విన్ కట్టేవాడికి అది ఐదో వంతు ప్రాణవాయువు.

రంగు తెలుపే వేయండి. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ ముదురు రంగు కింద ఎండలో మెత్తబడుతుంది. గ్లవ్స్ లేకుండా రెసిన్ ముట్టుకోవద్దు, ఒకసారి ఎలర్జీ వచ్చిందంటే ప్రాజెక్టు అక్కడితో ఆఖరు.

ఇంకో మాట. రెండు ఇంజన్లున్నా ఇంధనం ఒకటే, కట్టిన చెయ్యి ఒకటే. గాయకుడు జాన్ డెన్వర్ 1997లో లాంగ్ ఈజీ అనే రుటాన్ డిజైన్ విమానంలో పోయింది గుర్తుందా? ఇంధనం మార్చే వాల్వ్ ప్లాన్ల ప్రకారం పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. ఆ విమానం కట్టినాయన దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. తిప్పాలంటే ఒళ్లంతా వెనక్కి తిరగాలి. అలాంటి అమరిక మీ విమానంలో ఉంటే పది ఇంజన్లున్నా లాభం లేదు. ఒక్కో ఇంజన్‌కి వేరే ట్యాంకు, వేరే పంపు, వేరే బ్యాటరీ పెట్టే ఓపిక ఉంటేనే ట్విన్ కట్టండి. నా ఓటు ట్విన్‌కే, కానీ ఈ షరతు మీద.

నల్గొండ_గాలిపటం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఇండియాలో ఇలా కట్టడం కుదురుతుందా?

బేగంపేట_పాతకాపు

కష్టం, కానీ జరిగింది. కెప్టెన్ అమోల్ యాదవ్ ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టారు. రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరేసి పరీక్షించే అనుమతి 2019లో. ఏళ్ల తరబడి కాగితాల పోరాటం. అదీ సింగిలే.

డిఫయంట్_ప్రేమికుడు

రాకీ అన్నా, మల్టీ ఇంజన్ పరీక్ష మధ్య గీత ఇంజన్లున్న విమానంలో ఇస్తే లైసెన్స్ మీద ఆ పరిమితి రాస్తారు. మామూలు ట్విన్‌లోనే నేర్చుకుని పరీక్ష ఇవ్వు. ముక్కు పక్కకి తిరగడం హెచ్చరిక అని పాతకాపు గారు చెప్పింది ఒంటికి పట్టాలంటే అదే దారి.

రాకీ_రెక్కలు

రెక్కల మీద ఇంజన్ల బొమ్మ పక్కన పెట్టేస్తున్నాం. ముందొకటి వెనకొకటి పెట్టి కొత్తగా గీస్తాం. 9000 అడుగుల గాలిలో ఒక్క ఇంజన్ మీద కనీసం నిమిషానికి వంద అడుగులు ఎక్కాలి అన్నది మొదటి షరతు. అది కాగితం మీద రాకపోతే రెక్క పొడుగు పెంచుతాం, లేదా సీటు ఒకటి తీసేస్తాం. ఇంజన్ల సంఖ్య మాత్రం తగ్గించను. పాతకాపు గారూ, టేకాఫ్‌లో వెనక ఇంజన్ ఆగిన సంగతి పైలట్‌కి ఎలా తెలియాలంటారు?

విచిటా_బీమ్

నేనింకా సింగిల్ పక్షమే. కానీ డ్రాయింగ్‌లు పంపండి. స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) లెక్క నేను చూస్తాను. రెక్క మీద ఇసుక మూటలు పేర్చి లోడ్ టెస్ట్ చేసే రోజు చెప్తే విచిటా నుంచి కార్లో వస్తాను.

బేగంపేట_పాతకాపు

స్కైమాస్టర్ వాళ్ల అలవాటే నేర్చుకో. రన్‌వే మీద లైనప్ అయ్యాక మొదట వెనక ఇంజన్ థ్రాటిల్ తొయ్యి. ఆర్పీఎం, ఫ్యూయల్ ఫ్లో కంటితో చూసి, అది లాగుతోందని నమ్మకం కుదిరాకే ముందుదానికి పవర్ ఇవ్వు. రెండు ఆర్పీఎం గేజ్‌లూ పక్కపక్కన, నీ చూపు రన్‌వే మీద ఉన్నా కనబడే చోట పెట్టు. ప్యానెల్ గీసేటప్పుడు మొదట ఆ రెండింటికీ చోటు కేటాయించి, మిగతావి తర్వాత చూసుకో.