సామెతలు 31:10లో ‘గుణవతి’: మూలంలో ఉన్న మాట ఏమిటి?

ప్రశ్న అడిగినవారు:
గ్రూపులో అందరికీ వందనాలు. మా స్త్రీల సమాజం వాళ్ళం ఈ శని, ఆదివారాలు వాక్య ధ్యానానికి కూడుకుంటున్నాం. భాగం బైబిల్లోని సామెతల గ్రంథం 31వ అధ్యాయం, పదో వచనం నుంచి చివరిదాకా. మొదటి పాఠం నాకిచ్చారు. పాత అనువాదంలో “గుణవతియైన భార్య దొరుకుట అరుదు” అని ఉంది కదా, పెళ్ళి ప్రసంగాల్లో విని విని నోటికొచ్చేసిన వచనం. అయితే కిందికి చదివితే ఆవిడ పొలం చూసి తీసుకుంటుంది, ద్రాక్షతోట నాటిస్తుంది, నారబట్టలు నేయించి అమ్ముతుంది, వర్తకులతో బేరం నడుపుతుంది. గుణవతి అనగానే నా చెవికి వినబడేది అణకువ, నెమ్మది. వచనాల్లో ఉన్నదేమో ఇంటినీ వ్యాపారాన్నీ ఒంటిచేత్తో నడిపే మనిషి. రెండూ కలవట్లేదు. హెబ్రీలో ఏముంది? ఇంకోటి, కూడికకు పెళ్ళికాని పిల్లలు, భర్త పోయినవాళ్ళు కూడా వస్తారు. ‘భార్య’ అనగానే ఇది మా గురించి కాదులే అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

హెబ్రీ చదువుకున్న సభ్యుడు:
అమ్మా, వందనాలు. మూలంలో ‘ఏషెత్ ఖయిల్’ అని రెండే మాటలు. మొదటిదానికి స్త్రీ అనీ భార్య అనీ రెండర్థాలూ ఉన్నాయి. అసలు సంగతి రెండోదానిలో ఉంది. ఖయిల్ అంటే బలం, పరాక్రమం, సామర్థ్యం, ఆస్తి, చివరికి సైన్యం కూడా. నిర్గమకాండము 14:4లో ఫరో ‘సేన’ ఇదే మాట. ఇప్పటి హెబ్రీలో సైనికుణ్ణి ‘ఖయ్యాల్’ అంటారు, అదీ ఈ కుటుంబంలోదే.

పాత అనువాదంలో ఈ మాట ఎక్కడెక్కడ ఎలా మారిందో చూడండి. గిద్యోను దగ్గర “పరాక్రమముగల బలాఢ్యుడా” (న్యాయాధిపతులు 6:12). మోషే న్యాయం తీర్చడానికి ఎంచుకోవలసిన మనుషుల దగ్గర “సామర్థ్యము” (నిర్గమకాండము 18:21). బోయజు దగ్గర “ఆస్తిపరుడు” (రూతు 2:1). అదే పుస్తకంలో ఒక అధ్యాయం దాటి రూతు దగ్గరికి వచ్చేసరికి “యోగ్యురాలవు” (3:11). ఇక సామెతల్లో గుణవతి. మగవాళ్ళకు బలం, డబ్బు, సామర్థ్యం వచ్చాయి, ఆడవాళ్ళకు నడవడి మిగిలింది.

మీ రెండో బెంగకు జవాబు కూడా రూతు 3:11లోనే దొరుకుతుంది. ‘ఏషెత్ ఖయిల్’ అని ఈ రెండు మాటలూ కలిసి పాత నిబంధనలో మూడే చోట్ల వస్తాయి: సామెతలు 12:4, 31:10, రూతు 3:11. బోయజు ఆ మాట అన్ననాటికి రూతు ఎవరి భార్యా కాదు. భర్త పోయి, పరదేశంలో, కోతవాళ్ళ వెనక పరిగె ఏరుకుంటున్న మనిషి. అప్పటికే ఊరంతా ఆమెను ఖయిల్ ఉన్న స్త్రీ అంటోంది. హెబ్రీ బైబిలు పాత చేతిరాత ప్రతులు చాలావాటిలో సామెతల వెంటనే రూతు గ్రంథం వస్తుంది. మీరు పాఠం రూతుతో మొదలుపెట్టి 31కి రండి, పెళ్ళి మాట దానంతటదే పక్కకు జరుగుతుంది.

తెలుగు టీచరుగా చేసిన సభ్యురాలు:
గుణవతిని మరీ చులకన చేయకండి. గుణం అంటే సంస్కృతంలో వింటినారి కూడా. “మందు వేశాక గుణం కనబడింది” అన్నప్పుడు మనం మందు నెమ్మదితనాన్ని మెచ్చుకోవట్లేదుగా, దాని పనితనాన్ని చెబుతున్నాం. మాటలో సత్తువ లేక కాదు, ఆడవాళ్ళకు తగిలించేసరికి అర్థం కుంచించుకుపోయింది. గుణవంతుడు అన్నా ఇంచుమించు అంతే అనుకోండి.

గ్రీకు అనువాదం, సెప్టువజింతు, ఇక్కడ ‘ఆండ్రెయా’ అనే మాట వాడింది. అది పురుషుడు అనే మాటలోంచి పుట్టి ధైర్యం అనే అర్థానికి వచ్చింది. మన పౌరుషం కూడా అచ్చం ఆ దారినే వచ్చింది. “ఆమెకు పౌరుషం ఎక్కువ” అని మనం ఆడవాళ్ళ గురించి ఏ జంకూ లేకుండా అంటాం. కాబట్టి తెలుగులో చోటు లేదని చెప్పడానికి వీల్లేదు. పదిహేడో వచనం చూడండి: “నడికట్టుచేత నడుము బలపరచుకొని చేతులతో బలముగా పనిచేయును”. ఇది మనం రోజూ అనే నడుం బిగించడమే. బలం అక్కడ దాక్కోలేదు, పైకే కనబడుతోంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం అండీ. ఇంకో వచనం కూడా అడగాలి. 29లో “చాలమంది కుమార్తెలు పతివ్రతాధర్మము ననుసరించియున్నారు” అని ఉంది. పతివ్రతాధర్మం అనే మాట హెబ్రీలో ఉందా?

హెబ్రీ చదువుకున్న సభ్యుడు:
లేదమ్మా. నాకు ఓపిక నశించేది సరిగ్గా ఇక్కడే. అక్కడ పతి లేడు, వ్రతం లేదు. ఉన్నది మళ్ళీ ఖయిలే. “చాలామంది కుమార్తెలు ఖయిల్ చేశారు” అని. ఖయిల్ చేయడం ఒక జాతీయం. కీర్తనలు 60:12లో అదే క్రియ, అదే నామం. అక్కడ మన అనువాదం “దేవుని వలన మేము శూరకార్యములు జరిగించెదము” అని దంచి కొట్టింది! సేన పాడితే శూరకార్యం, కూతుళ్ళు చేస్తే పతివ్రతాధర్మం. కూడికలో ఈ రెండు వచనాలూ ఒకదాని వెంట ఒకటి పైకి చదివించండి. మీరు వేరే వివరణ ఇవ్వక్కర్లేదు.

ఒక పెద్దావిడ:
నాయనా, అనువాదకులను అంత ఆడిపోసుకోకు. ఆ కాలపు పాఠకులకు స్త్రీని ఆకాశానికెత్తే మాట పతివ్రతే. పైగా ఆ వచనంలో పొగిడేది ఆమె పెనిమిటి. ఆ ఊపులో వచ్చిన మాట అది. తప్పు తప్పే, కాదనను, దురుద్దేశం అంటగట్టకు అంటున్నాను. అమ్మాయీ, నువ్వు కూడా ఆవేశపడి ‘వీరనారి’ అని పెట్టేవు, వినేవాళ్ళ కళ్ళ ముందు గుర్రం, కత్తి నిలబడతాయి. ఈ పద్యంలో ఆవిడ చేతిలో ఉన్నది కదురు. నన్నడిగితే ‘ప్రయోజకురాలు’. కొడుకు ప్రయోజకుడయ్యాడని ఎంత సంబరంగా చెప్పుకుంటాం! ఆ మాట కూతురికి వాడకుండా ఎవరు ఆపారు?

తెలుగు టీచరుగా చేసిన సభ్యురాలు:
ప్రయోజకురాలు బాగుంది అమ్మగారూ, సంపాదన వైపు కాస్త ఒరుగుతుందేమోనని నా అనుమానం. ముప్పయ్యో వచనంలో భయభక్తులున్నాయి, ఇరవయ్యోదాన్లో దీనులకు చాపిన చేతులున్నాయి, వాటినీ మోయాలి కదా. నా ఓటు ‘సమర్థురాలు’కి. నిర్గమకాండము 18:21లో పాత అనువాదమే సామర్థ్యము అని ఎంచుకుంది. బయటి నుంచి తెచ్చామని ఎవరూ అనలేరు.

ప్రశ్న అడిగినవారు:
అయితే వచనాన్ని ముద్రణలో ఉన్నట్టే చదివిస్తాను. చాలామందికి కంఠస్థం వచ్చినది మార్చితే గొడవ అక్కడే మొదలవుతుంది, పాఠం ముందుకు సాగదు. పంచే కాగితంలో గుణవతి కింద ‘సమర్థురాలు, ప్రయోజకురాలు’ రెండూ వేసి, పక్కన రూతు 3:11, కీర్తనలు 60:12 పెడతాను. వాళ్ళే తేల్చుకుంటారు.

హెబ్రీ చదువుకున్న సభ్యుడు:
మంచిది. ఒక్క హెచ్చరిక. ఇదే అధ్యాయం మూడో వచనం, “నీ బలమును స్త్రీలకియ్యకుము”. అక్కడి బలం కూడా ఖయిలే. రాజైన లెమూయేలుకు తల్లి చెప్పిన మాట అది. ఎవరో ఒకరు తప్పకుండా లేచి, పైన స్త్రీలకు ఇవ్వొద్దన్న ఖయిల్ కింద స్త్రీ దగ్గరే ఎందుకుందని అడుగుతారు.

పెద్దావిడ:
అడగనీ. దానికి ఆదివారం మధ్యాహ్నం వదిలిపెట్టు, శనివారం ముట్టుకోకు.