పాత కామిక్స్ ప్రెస్ చేయించి అమ్మితే, కొనేవాళ్లకు చెప్పాలా వద్దా?

వడపళని వాసి:
నాన్న కొన్న కామిక్స్ రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. అమర్ చిత్ర కథ 140 దాకా, ఇంద్రజాల్ 60 పైచిలుకు. సగం మద్రాసులోని పాత మూర్ మార్కెట్‌లో కొన్నవే, 1985లో అది తగలబడక ముందు. వీటికి తోడు నేను అమెరికాలో చదువుకునే రోజుల్లో కొన్న మార్వెల్, డీసీ పుస్తకాలు ఓ 30. ఇల్లు మారుతున్నాం. కొత్త ఫ్లాట్‌లో ఇన్నిటికి చోటు లేదు. కొన్ని అమ్మేద్దామనుకుంటున్నాను.

అమర్ చిత్ర కథ 11వ నంబర్ ‘కృష్ణ’ ఉంది. 1967లో మొదలైన ఆ వరసలో మొదటి పదీ విదేశీ కథలు. మన కథలు 11తోనే మొదలయ్యాయి. అందుకే బెంగళూరులో ఒకాయన దీన్ని గట్టిగా అడుగుతున్నారు. మడతలు లేవుగానీ పుస్తకం కాస్త వంకర తిరిగింది, అట్ట మధ్యలో చిన్న సొట్ట ఉంది. మా బాబాయి కొడుకు ఏమంటాడంటే, ‘ప్రెస్ చేయించు, అంటే అదిమి చదును చేయించు, సొట్ట పోతుంది. గ్రేడింగ్‌కి పంపు, రేటు పెరుగుతుంది. ప్రెస్ చేయించిన సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు.’ ఆ చివరి మాట దగ్గరే నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కాగితప్పురుగు:
మీ తమ్ముడు చెప్పింది కరెక్టే. తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను.

ఫ్లోరిడాలోని సరసోటాలో సీజీసీ అనే సంస్థ 2000 నుంచి కామిక్స్‌కి గ్రేడ్ ఇస్తోంది. పుస్తకం పరీక్ష చేసి 0.5 నుంచి 10 దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు చేస్తారు. దాన్నే స్లాబ్ అంటాం. 9.4కీ 9.8కీ తేడా మామూలు కంటికి ఆనదు, డిమాండ్ ఉన్న సంచికైతే ధరలో మాత్రం బాగా తెలుస్తుంది. చిరుగు అతికించినా, పోయిన రంగు పూసినా సాధారణంగా ఊదా రంగు లేబుల్ పడుతుంది, దాంతో ధర పడిపోతుంది. ప్రెస్సింగ్‌ని మాత్రం వాళ్లు మరమ్మతుగా లెక్కేయరు. మామూలు నీలం లేబులే ఇస్తారు. అసలు ప్రెస్సింగ్ చేసే విభాగం వాళ్ల గ్రూపులోనే ఉంది! మార్కు వేసేవాళ్లే తప్పు కాదంటుంటే మధ్యలో మనకెందుకు మొహమాటం?

ప్రెస్సింగ్ అంటే మంత్రం కాదు. పుస్తకానికి కొంచెం తేమ పట్టించి, అంటుకోని కాగితాల మధ్య పెట్టి, సన్నని వేడి మీద అదిమి, ఆ బరువు కిందే చల్లారనిస్తారు. రంగు చెదరని వంపులు, సొట్టలు, వేలి నొక్కులు పోతాయి. మడత దగ్గర రంగు విరిగి తెల్లగీత కనబడుతుంటే అది పోదు. చిరుగు చిరుగే, తుప్పు తుప్పే.

సైదాపేట అబ్బాయి:
అన్నా, ఆ గ్రూపులోనే ప్రెస్సింగ్ విభాగం ఉందని మీరే అంటున్నారు. బట్టలు ఉతికే ఆయనే మార్కులు వేస్తే ‘ఉతకడం తప్పు కాదు’ అనక ఇంకేమంటాడు?

నా లెక్క వేరు. 2015 డిసెంబర్ 1 రాత్రి అడయార్ పొంగి మా ఇంట్లో నడుము లోతు నీళ్లు వచ్చాయి. బీరువా కింది రెండు అరల్లో ఉన్న పుస్తకాలన్నీ ఇటుకల్లా గట్టిపడ్డాయి. అప్పటికే ఒక స్లాబ్ ఉంది నా దగ్గర, ఈబేలో కొన్నది. సీలు వేసిన డబ్బా కదా, దీనికేం కాదులే అనుకున్నాను. లోపలికి నీళ్లు వెళ్లాయి! అతికిన అంచు గట్టిగా ఉంటుందే తప్ప నీళ్లను ఆపదు. లేబుల్ మీద 9.2 అని చక్కగా ఉంది, లోపల పుస్తకం ఉప్మాలా తయారైంది. అప్పటినుంచి కింది అరల్లో మా ఆవిడ స్టీలు గిన్నెలే ఉంటున్నాయి.

బైండింగ్ బాబాయి:
నేను ట్రిప్లికేన్‌లో ముప్పై ఏళ్లు బైండింగ్ చేసినవాణ్ని. చందమామలు పన్నెండు కలిపి కుట్టి, కాలికో గుడ్డ వేసి, మూడు వైపులా అంచులు కోసి ఇస్తే ఇంటివాళ్లు మురిసిపోయేవారు. ఇప్పుడు మా అల్లుడు చెబుతున్నాడు, అంచు కోసిన పుస్తకానికి విలువ పడిపోతుందట. అంటే నేను జీవితమంతా పుస్తకాలు పాడుచేశానన్నమాట! సరే, అది వదిలేయండి.

అదమడం మాకు కొత్త కాదు. బైండు చేశాక చెక్కల మధ్య పెట్టి స్క్రూ తిప్పి రెండు రోజులు ఉంచేవాళ్లం. వేడి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. పాత న్యూస్‌ప్రింట్‌కి వేడి తగిలితే అప్పడమే. పిన్నులున్న చోట మరీ జాగ్రత్త, ఎక్కువ బిగిస్తే పిన్ను అట్టను కోసేస్తుంది.

తిరుత్తణి తంబి:
సార్, ముందు ఆ ‘కృష్ణ’ మొదటి ముద్రణేనా? చూశారా?

లక్ష్మీ టీచర్:
నేను కెమిస్ట్రీ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ప్రెస్సింగ్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ ట్రంకు పెట్టెల్లోంచి పుస్తకాలు తీయండి బాబూ. చెన్నైలో గాలిలో తేమ 70 శాతం దాటడం రోజూ ఉండేదే. ఇనప్పెట్టె నేలమీద ఉంటే రాత్రి చల్లబడి లోపల తేమ పేరుకుంటుంది. మొదట పిన్నులు తుప్పుపడతాయి, ఆ తర్వాత వాటి చుట్టూ కాగితం గోధుమరంగుకి తిరుగుతుంది.

చవక కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. గాలి, వెలుతురు తగిలి అదే పసుపెక్కుతుంది. దానికితోడు కాగితంలో ఆమ్లం పుట్టి పీచును లోపలినుంచి తినేస్తుంది. దీన్ని ఏ ప్రెస్సూ ఆపలేదు, గ్రేడూ ఆపలేదు. ఆలస్యం చేయగలం అంతే. స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి పీవీసీ కవర్లు వేయకండి, కొన్నేళ్లకు జిడ్డు దిగి అట్ట రంగు దానికే అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ కవర్లు వాడండి, డబ్బు పెట్టగలిగితే మైలార్ అనే పాలిస్టర్ కవర్లు. వెనక ఆమ్లం లేని అట్ట పెట్టాలి. పుస్తకాలను పడుకోబెట్టి దొంతర వేయకుండా నిలబెట్టండి, అలాగని వదులుగా పెడితే వంగిపోతాయి. బయటి గోడకి ఆనించిన బీరువా వద్దు. తేమ పీల్చే సిలికా జెల్ పెట్టి ఏడాది మర్చిపోతే అది ఉత్త ఇసకే, నెలకోసారి వేడిచేసి ఆరబెట్టాలి.

ఇక ప్రెస్సింగ్. తేమ, వేడి ఇచ్చి పీచును చదును చేస్తారు కదా, అదే పుస్తకం మళ్లీ మన ఊరి తేమలో పడి ఉంటే వంపు మళ్లీ తిరిగిరావచ్చు. ఏసీ గదిలో తీసిన ఫొటో చూసి కొన్నవాడికి ఆరు నెలల తర్వాత సొట్ట కనబడితే ఎవరిని అడగాలి? అందుకే చెప్పాలంటాను.

కాగితప్పురుగు:
టీచర్ గారూ, పాత పట్టుచీరకి గంజి పెట్టి ఇస్త్రీ చేసి అమ్మితే మోసమా? పాత కారు కడిగి పాలిష్ చేసి అమ్మితే మోసమా? పుస్తకానికి కొత్తగా ఏదీ చేర్చలేదు, ఉన్నదేదీ తీయలేదు. చదును చేశారంతే. ఇది చెప్పాలంటే, రేపు దుమ్ము దులిపానని కూడా చెప్పాల్సి వస్తుంది.

లక్ష్మీ టీచర్:
గంజి పెడితే ముట్టుకోగానే తెలుస్తుంది నాయనా. ప్రెస్సింగ్ బాగా చేస్తే ఎవరికీ తెలియదు. దుమ్ము దులిపితే ధర పెరగదు, దీనికి పెరుగుతుంది. కంటికి కనబడదు, ధర మాత్రం పెంచుతుంది. ఈ రెండూ కలిసినచోట చెప్పకపోతే, కొనేవాడికి తెలుసుకునే దారి ఇంకేముంది?

అట్టపెట్టె:
నేను అమ్ముతాను, కొంటాను కూడా. అందుకని రెండువైపులా చెప్పగలను. ఈ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది: 9.0 ఉన్న స్లాబ్ కొనడం, డబ్బా పగలగొట్టడం, ప్రెస్ చేయించడం, మళ్లీ పంపడం. 9.4 వస్తే లాభం. కొత్త లేబుల్ మీద పాత మార్కు సంగతి ఉండదు. పుస్తకం అదే, లేబుల్ మాత్రం కొత్తది. ఇది తెలిశాక ఎవరినీ తప్పు పట్టలేను, నేనూ రెండుసార్లు చేశాను. కానీ ఎవరైనా సూటిగా ‘ప్రెస్ చేశారా?’ అని అడిగితే అబద్ధం చెప్పను. అడగకపోతే మాత్రం నేనై చెప్పను. నా గీత అక్కడ.

సైదాపేట అబ్బాయి:
అడిగితే చెబుతారట! మా వీధిలో పాల ఆయన కూడా అంతే, నీళ్లు కలిపావా అని అడిగితే ఒప్పుకునేవాడు.

వడపళని వాసి:
ఈ గొడవ మధ్యలో నేనొక పిచ్చిపని చేశాను. నవ్వకండి. 1991 ఎక్స్‌మెన్ మొదటి నంబర్ ఉంది నా దగ్గర. పార్చ్‌మెంట్ కాగితం అడుగున, పైన వేసి ఇస్త్రీపెట్టె పెట్టాను. వేడి తగ్గించడం మర్చిపోయాను. అట్ట మీది మెరుపు కాగితానికి అంటుకుని పొరలా లేచింది. పిన్నుల ఆకారం అట్ట మీద అచ్చుపడింది.

కాగితప్పురుగు:
అయ్యో! కాటన్ సెట్టింగ్‌లో ఇస్త్రీపెట్టె 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. ప్రెస్ చేసేవాళ్లు అందులో సగం కూడా వాడరు. పోనీలెండి, ఆ ఎక్స్‌మెన్ 80 లక్షల కాపీల పైనే అమ్ముడైంది. ప్రపంచంలో ప్రతి అటక మీదా ఒకటుంటుంది. నల్ల కవర్లో సీలు వేసిన సూపర్‌మ్యాన్ 75వ నంబర్ ఉంటే దాని మీదా ఆశ పెట్టుకోకండి, అదీ ఇలాంటిదే.

బైండింగ్ బాబాయి:
ఇస్త్రీపెట్టె ఏంటి బాబూ! రెండు నున్నటి చెక్కలు, మధ్యలో తెల్లకాగితం, పైన మీ ఇంట్లో రుబ్బురోలు పొత్రం. రెండు రోజులుంచు. కాస్తయినా వంపు తగ్గుతుంది, పాపం తగలదు.

అట్టపెట్టె:
అసలు ఫ్లోరిడా దాకా పంపడమే అనవసరం అంటాను. రుసుము, పోనూ రానూ కొరియర్, బీమా, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ వాళ్లతో టెన్షన్. అమెరికన్ పుస్తకాల్లో నిజంగా ఖరీదైనది ఒకటో రెండో ఉంటే పంపండి. అమర్ చిత్ర కథ, ఇంద్రజాల్ కొనేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే ఉన్నారు, చేత్తో తిప్పి చూసి కొంటారు. వాళ్లకి డబ్బా అడ్డం.

సైదాపేట అబ్బాయి:
‘పుస్తకం వనితా విత్తం, పరహస్తం గతం గతః’ అని ఊరికే అన్నారా! తిరిగొచ్చినా జీర్ణమై వస్తుందని రెండో సగంలో ఉంది. కొరియర్ ఆఫీసులో ఈ శ్లోకం రాసి పెట్టాలి.

కాగితప్పురుగు:
చందమామల రోజుల్లోనే ఉండిపోతామంటే నేనేం చేయలేను. నా మాట మారదు. నియమం ప్రకారం చెప్పాల్సిన పని లేదు. మనసు పీకుతుంటే చెప్పండి, అది మీ ఇష్టం, కానీ చెప్పనివాడిని దొంగ అనకండి.

లక్ష్మీ టీచర్:
దొంగ అని నేనూ అనలేదు.

వడపళని వాసి:
బాబాయి గారి మాట ప్రకారం ‘కృష్ణ’ని రెండు రోజులు పొత్రం కింద ఉంచాను. వంకర చాలావరకు పోయింది, సొట్ట అలాగే ఉంది. బెంగళూరు ఆయనకి ఫొటోలు పంపుతూ ‘ఇంట్లోనే బరువు కింద పెట్టాను, వేడి తగల్లేదు’ అని రాసేశాను. రాశాక మనసు తేలికపడింది.

ఆయన జవాబు పది నిమిషాల్లో వచ్చింది. ప్రెస్ గురించి ఒక్క మాట లేదు. ‘లోపలి అట్ట మీద పుస్తకాల పట్టిక ఉంటుంది, దాని ఫొటో పంపండి’ అన్నారు. పంపాను. అందులో 200కి పైగా పేర్లున్నాయి. 11వ నంబర్ మొదటిసారి అచ్చయిన రోజుకి అన్ని పుస్తకాలు ఎక్కడివి? ఎన్నో పునర్ముద్రణో గానీ మొదటిది కాదు. నంబర్ మారకుండా ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేసేవారట. ఇదే ‘కృష్ణ’కి 501 అని నంబర్ పడింది తర్వాతి డీలక్స్ ముద్రణలకేనట. ఆయన మర్యాదగా వద్దన్నారు.

తిరుత్తణి తంబి గారూ, మీరు మొదట్లోనే అడిగారు. క్షమించండి, ఈ గోలలో చూసుకోలేదు.

తిరుత్తణి తంబి:
పర్లేదు సార్.

కాగితప్పురుగు:
ఒక పునర్ముద్రణ కోసం వారం రోజులు కొట్టుకున్నామా!

బైండింగ్ బాబాయి:
అయితే ఇక మార్కుల బాధ లేదు కదా. ఆ 140 పట్టుకురా బాబూ, పదేసి చొప్పున కుట్టిస్తాను. అంచులు కోయనులే. కాలికో ఏ రంగు వేయమంటావు?