ఈసీఎఫ్ గ్రేడు 112 అంటే ఫిడే రేటింగ్ ఎంతండీ? అర్జెంటు

బ్రాడీపేట బాబాయ్:
పొద్దున్నుంచి ఇదే పని, తల వాచిపోయింది. మా అన్నయ్య కొడుకు ఇంగ్లండు నుంచి సెలవులకి గుంటూరు వచ్చాడు. విజయవాడలో చెస్ టోర్నమెంటు ఉంటే ఆడతానన్నాడు. ఎంట్రీ ఫారంలో రేటింగ్ అని ఒక గడి ఉంది. వాడికున్నది ఈసీఎఫ్, అంటే ఇంగ్లండు చెస్ ఫెడరేషను, ఆట బలాన్ని బట్టి ఇచ్చిన గ్రేడు 112. దాన్ని ఫిడే, అంటే ప్రపంచ చెస్ సమాఖ్య, రేటింగులోకి మార్చాలి. ఒకచోట 8తో గుణించి 600 కలపమన్నారు, 1496 వచ్చింది. ఇంకోచోట 7.5తో గుణించి 700 కలపమన్నారు, 1540. మూడోచోట ఏకంగా 1724! 1600 లోపు వాళ్లకి విడిగా ప్రైజులున్నాయి. మూడోదే నిజమైతే మావాడు అందులోకి రాడు. ఏది కరెక్టో ఒక్క ముక్కలో చెప్పండి, సాయంత్రంలోగా ఫారం పంపాలి.

నల్లగుర్రం:
112 ఏ సంవత్సరంది?

లెక్కల మాస్టారు:
ఒక్క ముక్కలో తేలే విషయం కాదు నాయనా. ఇంగ్లండు పాత లెక్కలో గెలిస్తే ప్రత్యర్థి గ్రేడుకి 50 కలిపేవారు, ఓడితే 50 తీసేసేవారు, డ్రా అయితే ఉన్నది ఉన్నట్టే. ఆటలన్నిటికీ సగటు తీస్తే అదే గ్రేడు. కాగితం, పెన్సిలు ఉంటే చాలు. ఫిడే 1970లో తీసుకున్నది ఆర్పాడ్ ఎలో లెక్క. ఆయన ఫిజిక్సు ప్రొఫెసరు, కాబట్టి గెలిచే అవకాశం ఎంత అన్న దగ్గర మొదలుపెట్టాడు. జర్మనీ వాళ్ల ఇంగో పద్ధతి ఇంకా విచిత్రం, నంబరు తగ్గేకొద్దీ ఆటగాడు గట్టివాడన్నమాట. ఇంగోని 8తో గుణించి 2840లోంచి తీసేస్తే ఎలోకి దగ్గరగా

బెంజి సర్కిల్:
మాస్టారూ, ఆయన జర్మనీ సంగతి అడగలేదండి.

ఎత్తుకుపైఎత్తు:
మూడు నంబర్లూ ఎక్కడివో చెప్తా. 8, 600 బాగా పాత సూత్రం. 7.5, 700 అనేది 2020లో ఇంగ్లండు వాళ్లు మూడంకెల గ్రేడుల్ని నాలుగంకెల రేటింగులుగా మార్చుకున్నప్పుడు వాడింది. ఇక 1724 కథ వేరు. 2024 మార్చిలో ఫిడే 2000 కిందున్న వాళ్లందరికీ, 2000కి ఎంత తక్కువైతే అందులో 40 శాతం కలిపింది. 1540 అంటే 2000కి 460 తక్కువ, అందులో 40 శాతం 184, మొత్తం 1724. కానీ ఆ సవరణ అప్పటికే ఫిడే జాబితాలో ఉన్నవాళ్లకి. దాన్ని తెచ్చి ఇంగ్లండు గ్రేడుకి అంటించడం ఏంటో!

బెంజి సర్కిల్:
అయితే 1540 రాసేయండి.

ఎత్తుకుపైఎత్తు:
వద్దు. ఫారంలో అడిగేది ఫిడే రేటింగ్. అది లేకపోతే 0 రాయాలి, అన్‌రేటెడ్ అంటారు.

బెంజి సర్కిల్:
అక్కడ ఏళ్ల తరబడి ఆడొచ్చి ఇక్కడ అన్‌రేటెడ్ అంటే ఎలాగండి? ఆ విభాగంలో ప్రైజులు పోయేది మన పిల్లలకేగా.

లెక్కల మాస్టారు:
ఒకప్పుడు 2200 కింద ఉన్నవాళ్లకి ఫిడే జాబితాలో చోటే లేదు. ఆ లెక్కన జిల్లాలో గట్టి ఆటగాళ్లంతా అన్‌రేటెడ్‌లే. హంపి, హరికృష్ణ, హారికల్ని చూసి ఇప్పుడు ప్రతి తల్లీతండ్రీ రేటింగ్ కోసమే

నల్లగుర్రం:
ఏ సంవత్సరంది అని అడిగా.

బ్రాడీపేట బాబాయ్:
కాగితం మీద జూలై 2019 అని ఉందండి. అప్పుడు వీడు ఐదో క్లాసో ఆరో క్లాసో. తేడా ఉంటుందా?

నల్లగుర్రం:
అది పక్కన పెట్టేయండి. ఫిడే సైటులో పేరు వెతకండి. ఇంగ్లండులో కొన్ని పోటీలు ఫిడే రేటింగ్‌తోనే జరుగుతాయి.

బ్రాడీపేట బాబాయ్:
చూశా, లేదు.

ఎత్తుకుపైఎత్తు:
ఇంటిపేరు ముందు కొట్టి, తర్వాత కామా పెట్టి పేరు కొట్టండి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు, పేరు తారుమారవుతుంటాయి, అటూ ఇటూ రెండు రకాలుగా వెతకండి.

బ్రాడీపేట బాబాయ్:
దొరికింది! స్టాండర్డ్ దగ్గర ఏమీ లేదు. రాపిడ్ దగ్గర 1688 ఉంది. స్టాండర్డ్ లేదు కాబట్టి 0 రాయొచ్చుగా?

నల్లగుర్రం:
మీ టోర్నమెంటు రాపిడా, స్టాండర్డా?

బ్రాడీపేట బాబాయ్:
అదేంటో తెలీదండి. ఆదివారం ఒక్కరోజే, ఎనిమిది రౌండ్లు.

ఎత్తుకుపైఎత్తు:
స్టాండర్డ్ అంటే గంటల తరబడి సాగే ఆట, ఒక్కరోజులో ఎనిమిదంటే అది అయ్యే పనే లేదు. ఒక్కొక్కరికి పది నిమిషాలకి మించి, గంట లోపు టైమిస్తే రాపిడ్. అప్పుడు 1688 రాయాలి, 1600 లోపు ప్రైజు మర్చిపోండి. ఫిడే ఐడీ కూడా వేయండి, ఆర్బిటర్ (చెస్ రిఫరీ) ఎలాగూ దాంతోనే చూసుకుంటాడు.

బెంజి సర్కిల్:
నేను చెప్పలా, అన్‌రేటెడ్ కాదని.

ఎత్తుకుపైఎత్తు:
మీరు చెప్పింది 1540 రాయమని.

బ్రాడీపేట బాబాయ్:
సరేనండి, ఫారం పంపేశాం. థాంక్స్.

బెంజి సర్కిల్:
ఇంతకీ ఏం రాశారు సార్?

లెక్కల మాస్టారు:
ఇంగో పద్ధతి మీద ఎవరికైనా ఆసక్తి ఉంటే విడిగా రాస్తాను.