130 ఏళ్లు గడిచినా పాముకాటు మందు గుర్రపు రక్తం నుంచే ఎందుకు?

తూనీగ (ప్రశ్న):

నేను జీవరసాయన శాస్త్ర విద్యార్థిని. ప్రాజెక్టు కోసం పాము విషంలోని ప్రోటీన్ల గురించి చదువుతున్నాను. పాశ్చర్ సంస్థకు చెందిన ఆల్బర్ట్ కాల్మెట్ 1890ల మధ్యలో నాగుపాము విషానికి విరుగుడు సీరమ్‌ను సిద్ధం చేశాడు. యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) తయారీ నేటికీ ఇంచుమించు ఆ దారిలోనే, గుర్రపు రక్తం నుంచే సాగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 81,000 నుంచి 1,38,000 మంది పాముకాటుతో మరణిస్తున్నారు. విషంలోని ఎన్నో ప్రోటీన్ల నిర్మాణం తెలిసిన ఈ కాలంలో కూడా, అన్ని పాములకూ పనికివచ్చే ఒకే మందును ప్రయోగశాలలో ఎందుకు తయారుచేయలేకపోతున్నాం? మరొక సందేహం: యాంటీవెనమ్ ఇచ్చిన తరువాత కూడా కొందరు రోజుల తరబడి వెంటిలేటర్ మీదే ఉంటారని చదివాను. అంటే మందు పనిచేయలేదని అనుకోవాలా?

సీరమ్‌శాల:

తూనీగ గారూ, యాంటీవెనమ్ నాణ్యత పరీక్షలలో కొంతకాలం పనిచేసినందువల్ల మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పగలను.

పాము విషం అనేది ఒక్క పదార్థం కాదు. ఒకే పాము విషంలో పదుల సంఖ్యలో ప్రోటీన్లు ఉంటాయి: నరాల సంకేతాలను అడ్డుకునేవి, కణపొరలను ఛేదించే ఫాస్ఫోలైపేజ్‌లు, రక్తనాళాల గోడలను దెబ్బతీసే మెటల్లోప్రోటినేజ్‌లు, రక్తం గడ్డకట్టే క్రమాన్ని తారుమారు చేసే ఎంజైములు. గుర్రానికి కొన్ని నెలలపాటు విషాన్ని కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఎక్కిస్తే, ఏ ప్రోటీన్ ఏమి చేస్తుందో మనకు తెలియకపోయినా, దాని శరీరం వాటిలో చాలావాటికి యాంటీబాడీలను (వాటిని పట్టుకుని అడ్డుకునే రక్షక ప్రోటీన్లను) తయారుచేసుకుంటుంది. గుర్రాన్ని పక్కన పెట్టడం ఇంతకాలం సాధ్యం కాకపోవడానికి అసలు కారణం ఇదే. ఆ తరువాత గుర్రం రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను వేరుచేసి, పెప్సిన్ అనే ఎంజైముతో యాంటీబాడీ తోకభాగాన్ని తొలగించి, శుద్ధిచేసి, చాలాచోట్ల పొడి రూపంలో సీసాలకు ఎత్తుతారు. అయితే ఆ సీసాలోని ప్రోటీన్‌లో విషాన్ని పట్టుకునేది కొద్ది భాగమే. మిగిలినదంతా గుర్రం తన జీవితకాలంలో ఎదుర్కొన్న ఇతర సూక్ష్మజీవులకు చెందిన యాంటీబాడీలు. రోగికి అన్నేసి సీసాలు ఎక్కించవలసి రావడానికీ, మందుకు అలర్జీ వంటి ప్రతిచర్యలు రావడానికీ ఇది ఒక ముఖ్య కారణం.

ఇక రెండవ చిక్కు. ఏ విషాలతో తయారుచేశారో ఆ విషాలకూ, వాటికి బాగా దగ్గరి పోలిక ఉన్న విషాలకూ మాత్రమే యాంటీవెనమ్ పనిచేస్తుంది. కాల్మెట్ సీరమ్ తమ దేశపు పాముల మీద పనిచేయదని బ్రెజిల్‌లో వైటల్ బ్రెజిల్ అనే వైద్యుడు ఆ రోజుల్లోనే నిరూపించాడు. భారతదేశంలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, రంపపు పొలుసుల పింజరి అనే నాలుగింటి విషంతో తయారవుతుంది. ఈ నాలుగింటికి చెందని విషసర్పాల విషాన్ని ఆ మందు సరిగా అడ్డుకోలేకపోతోందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2019లో చూపించారు. ఒకే జాతి పాములోనైనా ప్రాంతాన్ని బట్టి విషం కూర్పు మారుతుంది. ఏ ప్రాంతపు పాముల నుంచి విషం సేకరించారన్నది తయారీలో చిన్న విషయం కాదని నా దృఢమైన అభిప్రాయం.

లోపమంతా విజ్ఞానానిదే కాదు. ఆఫ్రికాలో ఎంతో ఉపయోగపడిన ఫావ్-ఆఫ్రిక్ అనే యాంటీవెనమ్ తయారీని సనోఫీ సంస్థ 2014లో ఆపివేసింది. చివరి సీసాల గడువు 2016 జూన్‌తో ముగిసింది. ఆ మందు పనిచేయకపోవడం వల్ల అలా జరగలేదు. దాని అవసరం ఉన్నవారు పేదవారు కావడం వల్ల జరిగింది.

రాత్రిపాళీ:

నేను అత్యవసర విభాగంలో వైద్యుడిని. రెండవ ప్రశ్నకు నా జవాబు: చాలా సందర్భాల్లో మందు తన పని తాను చేసే ఉంటుంది. యాంటీవెనమ్ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది కానీ, అప్పటికే జరిగిన నష్టాన్ని సరిచేయలేదు. నాగుపాము నాడీవిషం కండరం వైపున్న గ్రాహకాలకు (నరం పంపే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లకు) అతుక్కుంటుంది కాబట్టి చికిత్సతో తేరుకునే అవకాశం ఎక్కువ. కట్లపాము విషంలోని బీటా-బంగారోటాక్సిన్ నరం కొసనే ధ్వంసం చేస్తుంది. ఆ కొస తిరిగి పెరిగేదాకా ఊపిరిని యంత్రమే అందించాలి. ఆ రోగి కనురెప్ప కూడా కదపలేడు, కనుపాపలు వెలుగుకు స్పందించకపోవచ్చు. అయినా స్పృహలో ఉండి మన మాటలన్నీ వింటూ ఉండవచ్చు. పక్కన నిలబడి ఆశ వదులుకున్నట్లు మాట్లాడవద్దని కొత్తగా చేరిన ప్రతి డాక్టరుకూ చెబుతాను.

పింజరి కాటులో సంగతి వేరు. అక్కడ రక్తాన్ని గడ్డకట్టించే కారకాలు ఖర్చయిపోతాయి. యాంటీవెనమ్ ఆ ఖర్చును ఆపుతుంది, కొత్త కారకాలను కాలేయం తయారుచేసుకోవాలి. అందుకు కొన్ని గంటలు పడుతుంది. దీన్ని గమనించడానికి మేము చేసే పరీక్ష చాలా సులువైనది: 2 మిల్లీలీటర్ల సిరరక్తాన్ని శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. మందు ఇచ్చి ఆ కొన్ని గంటలు గడిచాక కూడా రక్తం గడ్డకట్టక జారితే విషం ఇంకా పనిచేస్తున్నట్లే లెక్క. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా ఫలితాన్ని నమ్మలేం, ఎందుకంటే గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేది ఆ గాజు ఉపరితలమే.

పిల్లలకూ పెద్దల మోతాదే ఇస్తాం. మనిషి చిన్నవాడైనంత మాత్రాన పాము విషం తక్కువ ఎక్కించదు కదా. ప్రతిచర్యల విషయానికి వస్తే, యాంటీవెనమ్‌కు ముందు అతి తక్కువ మోతాదులో అడ్రినలిన్ ఇస్తే తీవ్రమైనవి గణనీయంగా తగ్గాయని శ్రీలంకలో జరిగి 2011లో ప్రచురితమైన పరీక్ష తేల్చింది. అలవాటుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ వల్ల అలాంటి మేలు కనబడలేదు.

తూనీగ:

ఇద్దరికీ ధన్యవాదాలు. అలాగైతే కట్లపాము విషం నరం కొసను చేరకముందే ఆపగలిగే మందు మీద పరిశోధన ఏదైనా జరుగుతోందా?

అణునిర్మాణం:

జరుగుతోందండీ. బీటా-బంగారోటాక్సిన్‌లో పనిచేసే భాగం ఫాస్ఫోలైపేజ్ ఎంజైమే. వాపును తగ్గించడానికి, గుండెజబ్బులకు వాడాలని మొదట తయారుచేసిన వారెస్ప్లాడిబ్ అనే చిన్న అణువు ఈ ఎంజైములను అడ్డుకుంటుంది. దీన్ని మింగే మందుగా ఇవ్వవచ్చు కాబట్టి ఆసుపత్రికి చేరకముందే మొదలుపెట్టవచ్చునన్నది ఆశ. భారతదేశంలోనూ అమెరికాలోనూ పాముకాటు రోగులపై జరిగిన రెండవ దశ పరీక్షలో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. త్వరగా మందు అందినవారిలో మాత్రం మేలు జరిగిన సూచనలు కనిపించాయి.

2025 జనవరిలో ప్రోటీన్ల రూపకల్పన శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ బృందం కంప్యూటరు సాయంతో పూర్తిగా కొత్త ప్రోటీన్లను రూపొందించి, నాగుపాము కుటుంబపు నాడీవిషాల నుంచి ఎలుకలను కాపాడగలిగింది. అదే సంవత్సరం మరొక బృందం, ఏళ్ల తరబడి తన శరీరంలోకి తానే విషాన్ని ఎక్కించుకున్న ఒక వ్యక్తి రక్తం నుంచి రెండు యాంటీబాడీలను తీసి, వాటికి వారెస్ప్లాడిబ్‌ను జతచేసి 19 జాతుల పాముల విషాలపై ఎలుకలలో పరీక్షించింది; 13 జాతుల విషాల నుంచి పూర్తి రక్షణ, మిగిలిన వాటి నుంచి పాక్షిక రక్షణ లభించింది. అవన్నీ నాగుపాము, కట్లపాముల కుటుంబానివే. పింజరులలో ప్రమాదకరమైన ప్రోటీన్ల వైవిధ్యం ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ దారి పొడవైనది.

మీ ప్రాజెక్టుకు ఒక సూచన. ఇటువంటి పరిశోధనా పత్రం చదివేటప్పుడు ముందుగా ప్రయోగ పద్ధతిని చూడండి. విషాన్నీ మందునూ ముందే గొట్టంలో కలిపి ఎలుకకు ఎక్కించారా, లేక విషం ఎక్కించిన కొంతసేపటి తరువాత మందు ఇచ్చారా అన్నది గమనించండి. మొదటి పద్ధతిలో మందుకు విషాన్ని పట్టుకునే శక్తి ఎంతో తెలుస్తుంది. కాటు తిన్న మనిషికి మందు అందేది గంటల తరువాత కాబట్టి, రెండవ పద్ధతిలో వచ్చిన ఫలితాలనే ఒక పట్టికగా పెట్టి పోల్చితే మీ ప్రాజెక్టు నిజంగా పనికివచ్చేది అవుతుంది.