కాణిపాకంలో ప్రమాణం చేయించి తాగుడు మాన్పించడం: కౌన్సెలర్ సరే అనాలా, ఆపాలా?

తిరుపతి కౌన్సెలర్:
డీఅడిక్షన్ సెంటర్లో పనిచేస్తున్నాను. వచ్చే కుటుంబాలు చాలావరకు ముందే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటాయి. "కాణిపాకం తీసుకెళ్లి వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తాం సార్, మీరు నాలుగు మంచి మాటలు చెప్పండి చాలు" అంటారు. మన వైపు ఆ దేవుడి మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. కోనేట్లో మునిగి చేసిన ప్రమాణం తప్పితే ఏమవుతుందోనన్న భయం ఇప్పటికీ ఉంది. మా సెంటర్లో ఒకాయన "ఆ భయం పనిచేస్తుంటే మనకెందుకు అడ్డం" అంటాడు. నాకు మాత్రం వెంటనే సరే అనబుద్ధి కాదు. మీరేమంటారు?

మానేసినోడు, చిత్తూరు:
నేను మాత్రలు వాడలేదు, కౌన్సెలింగ్‌కి పోలేదు. ప్రమాణం చేశాను, మానేశాను. చదువుకున్నోళ్లకి దేవుడంటే చిన్నచూపు, అంతే.

క్యాజువాలిటీ నర్సు:
అన్నా, మీరు మానేసినందుకు సంతోషం. కానీ ప్రమాణం చేసి మూడో రోజు స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదా.

ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే 6 గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. అసలు గండం ఆ తర్వాత, రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా. ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది, దుప్పటి మీద లేని పురుగుల్ని దులుపుకుంటూ ఉంటారు. వేళ్ల మధ్య ఏమీ లేకపోయినా బీడీ ఉన్నట్టే పీలుస్తారు. పెళ్లాన్ని గుర్తుపట్టరు. డెలీరియం ట్రెమెన్స్ అంటే ఇదే. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఇంట్లోవాళ్లేమో గాలి సోకిందని ఇంకో చోటికి తీసుకెళ్తారు. లేదా ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసమని గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. తాగుబోతుల ఒంట్లో థయామిన్, అదే బి1 విటమిన్, చాలా తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలుతుంది, చూపు నిలవదు, కొందరికి జ్ఞాపకశక్తి మళ్లీ రాదు.

కౌన్సెలర్‌కి ఇంజెక్షన్ వెయ్యడం రానక్కర్లేదు, అడగడం రావాలి. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా, చుక్క పడితే గానీ నిలవవా? ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా, మతి తప్పి మాట్లాడాడా? చివరిసారి ఎప్పుడు తాగాడు? వణుకు ఉన్నా, ఫిట్స్ వచ్చి ఉన్నా ముందు డాక్టరు, తర్వాతే దేవుడు.

మానేసినోడు, చిత్తూరు:
ముందు డాక్టరంటే వారం పోతుంది మేడమ్. ఆ వారంలో వాడి మనసు మారిపోతుంది. తాగేవాడికి మానాలనిపించే ఘడియ ఎంతసేపుంటుందో మాకు తెలుసు.

తిరుపతి కౌన్సెలర్:
ఇది కాదనలేని మాట. అందుకే డాక్టరు దగ్గరికి ఆ రోజే పంపాలంటాను. వణుకు, ఫిట్స్ రాకుండా చూసే క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్ర మొదలుపెట్టి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. లివర్ బాగా చెడినవాళ్లకు లోరాజెపామ్ ఇస్తారు.

నా అసలు అభ్యంతరం వేరే. మధ్యలో ఒకసారి తాగాడనుకోండి, మాకది వచ్చే సిట్టింగ్‌లో కూర్చుని మాట్లాడుకునే విషయం. ప్రమాణం చేసినవాడికి అది పాపం. ఒక్క క్వార్టర్ పడగానే "ఎట్లాగూ దేవుడికి తప్పాను, ఇంకేముంది" అని పూర్తిగా మునిగిపోతాడు, మా వైపు తొంగి కూడా చూడడు. ఆ సిగ్గే మనిషిని మళ్లీ తాగుడులోకి తోస్తుందని అలన్ మార్లాట్ అనే మనస్తత్వవేత్త ఎప్పుడో చెప్పాడు. పైగా ప్రమాణం, తప్పడం, మళ్లీ ప్రమాణం. ప్రతిసారీ ఒక్కసారిగా ఆపేయడమే కాబట్టి, పోయినసారి వణుకుతో సరిపోయినవాడికి ఈసారి ఫిట్సే రావచ్చు.

లెక్చరర్, తిరుపతి:
గంజాయి పిల్లలకూ ఇంతేనా?

క్యాజువాలిటీ నర్సు:
గంజాయి ఆపితే నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, చిరాకు. తాగుడు ఆపినప్పుడు వచ్చేలాంటి ఫిట్స్ భయం ఉండదు సార్. వాళ్లని ఏ గుడికి తీసుకెళ్లినా నాకు టెన్షన్ లేదు.

పలమనేరు గృహిణి:
మా ఆడబిడ్డ ఏదో మాత్ర ఇచ్చి, మా ఆయనకి తెలియకుండా సాంబార్లో కలిపెయ్, ప్రమాణం కన్నా అదే నయం అంటోంది. పెట్టొచ్చా?

క్యాజువాలిటీ నర్సు:
వద్దక్కా. బహుశా అది డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. ఆ మాత్ర మీద మద్యం పడితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బుంటే మనిషే దక్కడు. ఆపేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఆయనకి తెలిసి, ఆయన ఒప్పుకుని, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మాత్ర అది. దొంగచాటుగా పెట్టడం ఏ రకంగానూ సరికాదు.

మానేసినోడు, చిత్తూరు:
సరే, మాత్రల కోర్సు అయ్యాకే ప్రమాణం చేయించండి, నేను కాదనను. అంతేగానీ "తాగితే మర్నాడే సెంటర్‌కి వస్తాను" అని ఒట్టేయించాలని చూస్తారేమో. కాణిపాకంలో అట్లాంటి ఒట్టు ఎవడూ వెయ్యడు.

తిరుపతి కౌన్సెలర్:
నేను అడగబోయేది అదే అన్నా. వేసేవాళ్లు దొరికితే వేయిస్తాను.

పలమనేరు గృహిణి:
మా ఆయనకి పొద్దున చేతులు వణుకుతాయి సార్. శుక్రవారం కాణిపాకానికి కారు మాట్లాడేశాం.

తిరుపతి కౌన్సెలర్:
కారు వద్దనకండమ్మా. శుక్రవారం దాకా ఆగకుండా రేపే రమ్మనండి, ఆ కార్లోనే ముందు గవర్నమెంటు ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. డాక్టరు చూసేదాకా ఇంట్లో బలవంతంగా ఆపించొద్దు. ఫిట్స్ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా 108కి ఫోన్ చెయ్యండి.