మా కచ్చియున్నా? మాకు అచ్చియున్నా?

(రాసినవాళ్ళ పేర్లకు బదులు హైదరాబాదులో వాళ్ళ పేటల పేర్లు ఉన్నాయి.)

మెట్టుగూడ:
రెండు రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. మా అమ్మమ్మ రాత్రి పడుకోబోయే ముందు చేసే ప్రార్థనలో "మేము మా కచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము" అని వచ్చేది. తర్వాత "గనుక" అనేదో, "ప్రకారము" అనేదో గుర్తు రావడం లేదు. చిన్నప్పటి నుంచీ కచ్చి అంటే కచ్చ అనే అనుకున్నాను. మా మీద కచ్చ పెట్టుకున్న ప్రతివాణ్ణీ క్షమిస్తున్నాం అని.

ఇప్పుడు ఎందుకు అడుగుతున్నానంటే, 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు పార్టీల గొడవలో మా బావగారిని నలుగురి ముందు "మీరు అమ్ముడుపోయారు" అనేశాను. ఆయన ఆ క్రిస్మస్‌కే కేకు పట్టుకుని మా ఇంటికి వచ్చి ఎప్పటిలాగే మాట్లాడారు. నేను మాత్రం ఇప్పటికీ ఆయన ముఖం చూడలేను. వాళ్ళింటికి వెళ్ళడమే మానేశాను. ఆయనకు నా మీద కచ్చ లేదు. ఉన్నదల్లా నాకు నా మీదే. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోతోంది.

నల్లకుంట:
అమ్మా, అది బైబిల్లో యేసు నేర్పిన ప్రార్థన, లూకా 11:4. "గనుక మా పాపములను క్షమించుము" అన్నదే సరి. "ప్రకారము" మత్తయి 6:12 లోది, రెండూ మీ జ్ఞాపకంలో కలిసిపోయాయి. ఇక కచ్చకు అక్కడ చోటు లేదు. మాకు + అచ్చియున్న, ఉత్వసంధి. అచ్చియుండడం అంటే బాకీపడి ఉండడం. చిన్నయసూరి వ్యాకరణ సూత్రమే చూడండి: "ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు". ఉత్తునకు + అచ్చు (ఇక్కడ అచ్చు అంటే స్వరాక్షరం). సంధి గురించి చెబుతూనే సంధి చేసి చూపించాడు. అది చదివి ఎవరూ "కచ్చు" అంటే ఏమిటని అడగలేదు కదా.

తార్నాక:
మాస్టారూ, నేను అడిగాను, తొమ్మిదో తరగతిలో. తప్పు చదివినవాళ్ళది కాదు. నా దగ్గరున్న ప్రతిలో "మా" తర్వాత ఖాళీ వదిలి "కచ్చియున్న" అని వేశారు. ఆ ఖాళీ చూశాక ఎవరైనా కచ్చ అనే చదువుతారు.

అచ్చియుండడం మన బైబిల్లో ఈ ఒక్క చోటే లేదు. మత్తయి 18లో రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నవాడు, తనకు నూరు దేనారాలు అచ్చియున్న తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. తలాంతుకు ఆరు వేల దేనారాలు. అంటే వాడికి కొట్టేసింది ఆరు కోట్ల రోజుల కూలి, వాడు వదలనిది వంద రోజుల కూలి. యేసు మాట్లాడిన అరామిక్‌లో అప్పుకూ పాపానికీ ఒకటే మాట, హోబా. లూకాలో మన అప్పులు "పాపములు" అయ్యాయి, ఎదుటివాడిది మాత్రం అప్పుగానే మిగిలింది.

యూసుఫ్‌గూడ:
మా అమ్మ వాళ్ళది తెనాలి వైపు. గ్లాసు పగలగొడితే "డబ్బులు నువ్వే అచ్చుకోవాలి" అనేది. ఆ మాట ఇంకా బతికే ఉంది.

నన్నడిగితే ఇవాళ ఆ వాక్యాన్ని అందరికంటే సూటిగా చెప్పేది రాజకీయ నాయకులే. మత్తయిలోని "మా ఋణములు క్షమించుము" అంటే రుణమాఫీయే కదా! హైదరాబాదులో క్షమించమనడానికి "మాఫ్ కరో" అనే అంటాం. 2024లో ఇక్కడ రెండు లక్షల వరకు పంట రుణాలు మాఫీ అన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆదివారం ప్రార్థనే.

నల్లకుంట:
అక్కడ ఒప్పుకోను. మాఫీలో బ్యాంకు ఏమీ పోగొట్టుకోదు, ప్రభుత్వం కడుతుంది. క్షమ అంటే మొదట ఓర్పు. భూమికి క్షమ అని పేరుంది, "క్షమయా ధరిత్రీ" అన్నది అందుకే. అప్పిచ్చినవాడు ఆ నష్టాన్ని తానే ఓర్చుకోవాలి. ఇంకొకరు కడితే అది చెల్లింపు, క్షమ కాదు.

తార్నాక:
ఇంకొకరు, అంటే క్రీస్తు, కట్టారనే కదా మాస్టారూ మేము నమ్మేది!

గన్‌ఫౌండ్రీ:
మేము కతోలికులం. మా జపంలో "అప్పుబడిన వారిని" అని విప్పి చెబుతారు కాబట్టి మాకు ఈ చిక్కే రాలేదు. దేవుణ్ణి "మీరు" అంటాం, "మన్నించండి" అంటాం. మన్నించడంలో మన్నన ఉంది చూడండి. తప్పు చేసినవాడికి మళ్ళీ గౌరవం ఇవ్వడం. క్షమించడం కంటే నాకు అదే ఇష్టం. కేకు పట్టుకుని వచ్చిన బావగారు చేసింది అదే.

అంబర్‌పేట:
అచ్చియున్నది ఎవరు అన్న ప్రశ్న వస్తే నాకు కవి జాషువా గారే గుర్తొస్తారు. 1895లో వినుకొండలో పుట్టారు. అంటరానివాడని పండితులు దూరం పెట్టారు, పురాణాలు చదువుతాడని చర్చి పెద్దలు కోప్పడ్డారు. ఆయన "గబ్బిలం" కావ్యంలో ఒక పేదవాడు తన బాధను పూజారి లేనప్పుడు శివుడి చెవిలో వేయమని గబ్బిలాన్ని అడుగుతాడు. చివరికి ఆయనే క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. మేము మాకచ్చియున్న వారిని క్షమిస్తున్నాం అని ఆయన అంటే ఆ బాకీ ఎంత పెద్దదో ఆలోచించండి. మన నాయకులు జయంతి రోజున దండ వేసి "మీ రుణం తీర్చుకోలేం" అంటారు. తీర్చుకోలేం అనడం చాలా సులువు.

యూసుఫ్‌గూడ:
అన్నా, అది నిజం. కానీ అక్క అడిగింది వేరు. తనను తాను క్షమించుకోవడం గురించి.

నల్లకుంట:
"క్షమించుకొను" అన్న మాటే నాకు రుచించదు. వండుకోవడం అంటే తనకోసం వండడం. క్షమించుకోవాలంటే అప్పిచ్చిందీ తానే, తీసుకుందీ తానే కావాలి.

తార్నాక:
అక్క తీసుకున్నది బావగారి దగ్గర. ఆయన తన పుస్తకంలో కొట్టేశారు. అక్క తన పుస్తకంలో ఇంకా రాసుకునే ఉంది, అంతే. "నన్ను నేనే విమర్శించుకొనను" అన్నాడు పౌలు, మొదటి కొరింథీ 4లో. యోహాను మొదటి పత్రిక 3:20 కూడా చూడక్కా. మన హృదయం మన మీద నేరం మోపినప్పుడు దేవుడు "మన హృదయముకంటె అధికుడై" ఉంటాడట. అక్కడ క్షమించుకోమని లేదు. తీర్పు చెప్పే పని మనది కాదని ఉంది.

నల్లకుంట:
అది బాగుంది. అయినా అచ్చియున్నలోని అచ్చు, అప్పు ఒకే ధాతువు నుంచి వచ్చాయా అన్నది తేలాలి. కాదని నా అభిప్రాయం.

గన్‌ఫౌండ్రీ:
ఒకటే అని నా అభిప్రాయం సార్. రేపు రాస్తాను.

మెట్టుగూడ:
అందరికీ వందనాలు. తమ్ముడూ, ఆ ఖాళీ సంగతి చదివాక కాసేపు ఏమీ తోచలేదు. అమ్మమ్మ చదివింది కచ్చి అనా, అచ్చి అనా? ఆవిడ బైబిల్ చూస్తే తెలుస్తుంది. అది ఇప్పుడు మా అక్క దగ్గర, అంటే బావగారింట్లోనే ఉంది. శనివారం వెళ్తున్నాను.

నల్లకుంట:
వెళ్ళిరండమ్మా. ఏ సంవత్సరం ముద్రణో కూడా చూసి రాయండి.