టీబీ ఉన్న మామయ్యగారి గదిలో గాలి ఎలా బయటికి పంపాలి?

మా మామయ్యగారికి ఊపిరితిత్తుల టీబీ అని తెమడ పరీక్షలో తేలింది. మందులు ఈ వారమే మొదలయ్యాయి. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. అత్తయ్యగారు ఆయన కంచం, గ్లాసు వేరు పెట్టేశారు. కానీ టీబీ గిన్నెల వల్ల అంటదు కదా, దగ్గినప్పుడు వచ్చే సన్నటి తుంపరలు మూసిన గదిలో గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. నా టెన్షనంతా ఆ గది గురించే. ఒకటే కిటికీ, అదీ దోమలొస్తాయని సాయంత్రానికే మూసేస్తారు. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది. కిటికీకి నెట్ కొట్టించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ బయటికి తిరిగేలా బిగిస్తే ఉపయోగమా? అప్పుడు హాలు వైపు తలుపు మూయాలా, కింద సందు వదలాలా? ఆయనేమో మాస్క్ పెట్టుకుంటే ఆయాసమంటున్నారు. పిల్లలకు టీబీ రాకుండా ముందుజాగ్రత్త మందు ఇప్పించినవాళ్లుంటే, ముందు ఏ పరీక్షలు చేశారో కూడా చెప్పగలరా?